కోయిలకుంట్ల దగ్గర సగమైన ఫ్లాస్కు

ఈ ప్రయాణానికి కారణం నా పరిశోధన గైడు గారి పిసినారితనం. కర్నూలు నుంచి కడప ల్యాబుకి జీపు అడిగితే, "కడుపు నీళ్లే కదమ్మా, బస్సులో తెచ్చుకో" అన్నారు. ఆయన పీహెచ్‌డీ రోజుల్లో అన్నీ బస్సులోనే తెచ్చారట. 2007 మార్చి ఎండలవి. ఒకే బీడులో మేసే గొర్రె, మేక, బర్రె కడుపుల్లో బతికే సూక్ష్మజీవులు తిన్న మేతను బట్టి ఉంటాయా, ఆ జంతువుల చుట్టరికాన్ని బట్టి ఉంటాయా అన్నది నా పరిశోధన. మేక గొర్రెకు దగ్గరి చుట్టం, బర్రె దూరపు చుట్టం. లోపలి జీవులు కూడా అదే వరసలో కలుస్తాయని నా నమ్మకం. కబేళాలో తెల్లవారుజామున మూడు జంతువుల కడుపు నీళ్లు పట్టి, మూడు ఫ్లాస్కుల్లో వెచ్చగా పోసుకున్నాను. సాయంత్రంలోపు చేరకపోతే ఆ జీవులు చస్తాయి, మూడింట్లో ఏ ఒక్కటి పోయినా పోలికే ఉండదు.

ఆరు గంటల బస్సెక్కితే ఎండ ముదరకముందే నంద్యాల చేరొచ్చు. అక్కడ జమ్మలమడుగు బస్సు మారాను. సంచి ఒళ్లో పెట్టుకుంటే కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు. కోయిలకుంట్ల దాటి కాస్త దూరం పోయామో లేదో బండి ఆగిపోయింది. ఎంతసేపని అడిగితే డ్రైవరు టవలుతో ముఖం తుడుచుకుంటూ, "మెకానిక్కు రావల్లమ్మా. ఆడ ఇల్లుండాది, నీడకు పోయి కూర్చో" అన్నాడు. పళ్లు నూరుకుంటూ దిగాను.

ఆ ఇల్లు నరసమ్మది. గొర్రెల కాపరి కుటుంబం. నీళ్లిచ్చింది గానీ ఆమె చూపంతా వాకిట్లో పడి ఉన్న చూలు గొర్రె మీదే ఉంది. "నిన్న జొన్నల మూట చించుకొని మెక్కింది పాపా. కడుపుబ్బింది. నెమరు పోయింది. ఇది తొలిసూరుది, నా చేతుల మింద పెరిగింది" అంది. పొద్దున ఆమె మరిది ఓబులేసు మందుల షాపులో యాంటీబయాటిక్ గోళీలు తెచ్చి మింగించాడట. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. జొన్నలకు పాడైన కడుపులో మిగిలిన కాసిని మంచి జీవుల్నీ ఆ గోళీలు చంపేస్తాయి. చూడకుండా మందిచ్చిన షాపువాణ్ణి అక్కడే నిలబడి తిట్టాను.

అంతలో ఓబులేసు పిడికిలి బిగించుకుని వచ్చాడు. అందులో ఆవు నోట్లోంచి లాగిన నెమరు ముద్ద ఉంది. నెమరు పోయిన జీవానికి ఇంకో జీవం నెమరు పెట్టడం అక్కడి వైద్యం. మంచి వైద్యమే. కానీ ఆవుదేమిటి?

"గోమాత నెమరమ్మా. దీనికి మించిందేముండాది?" అన్నాడు.

"గొర్రెకు గోమాత ఏ వరసవుతుందప్పా? గొర్రెకు గొర్రెదే పెట్టాలి."

"మంద మేతకు పోయింది. మాపటికి గాని రాదు. ఇది అంతసేపు ఉంటాదా?"

ఉండేలా లేదు. నరసమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా సంచిలో గొర్రె ఫ్లాస్కు ఉంది. మా గైడునీ బస్సునీ ఓబులేసునీ కలిపి మనసులో తిట్టుకుంటూ మూత తీశాను. వెదురు గొట్టంతో సగం పట్టించాం. మిగతా సగం నాకు చాలు. అంతలో హారన్ మోగింది. సంచీ, సగమైన ఫ్లాస్కూ అక్కడే వదిలి, ఇంకెంతసేపో కనుక్కుందామని రోడ్డు మీదికి పరిగెత్తాను.

బండి బాగయింది. వెనక్కి తిరిగేసరికి నరసమ్మ మూడు ఫ్లాస్కులున్న సంచి పట్టుకుని ఎదురొచ్చింది. గొర్రె ఫ్లాస్కు తళతళా మెరుస్తోంది. "వట్టి పాత్ర ఇచ్చే అలవాటు మాకు లేదు పాపా. లోపల గలీజు ఉంటే పారబోసి, బూడిదేసి తోమి మజ్జిగ పోసినా" అంది.

బూడిదేసి తోమితే ఇంక ఏ జీవి మిగులుతుంది? కడుపులో ఉన్న తిట్లన్నీ గొంతుదాకా వచ్చి, ఆమె ముఖం చూసి ఆగిపోయాయి. వాటినలాగే మింగి బస్సెక్కాను.

జమ్మలమడుగులో మారి, మధ్యాహ్నానికి ఎర్రగుంట్ల చేరాను. సిమెంటు దుమ్ములో, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆ మజ్జిగ తాగాను. అల్లం, కరివేపాకు వేసి ఎంత బాగా చేసిందో. బాగుండటంతో కోపం ఇంకా పెరిగింది. కడపలో మా గైడు గారు రెండు ఫ్లాస్కుల్లోనే కడుపు నీళ్లుండటం చూసి, "గొర్రె లేకుండా చుట్టరికం ఎట్లా తేలుస్తావు?" అని అరిచారు. ఆ గొర్రె ఏమైందని మాత్రం అడగలేదు.

మర్నాడు ఓబులేసు, నేను రాసిచ్చిన నంబరుకు కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేశాడు. "నెమరేస్తాండాదమ్మా. మేత గూడా ముట్టింది." నాకు కళ్లు చెమర్చాయి. నా మాటే నెగ్గిందని చెప్పబోయేంతలో, "నువ్వు పోయినాక, ఎందుకైనా మంచిదని ఆవుది గూడా పట్టిచ్చినాలే" అన్నాడు.

ఇంక దాన్ని బతికించింది తోబుట్టువు నెమరో, గోమాత నెమరో ఏ ల్యాబూ తేల్చలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ గొర్రె బతికింది, అది చాలు. నేను మళ్లీ కర్నూలు కబేళాకు పోయి, మళ్లీ అదే బస్సెక్కాను. ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క సలహా: సీమలో మీ పాత్ర ఎవరింట్లోనైనా పెడితే, అందులో ఏముందో ముందే చెప్పండి. వాళ్లు దాన్ని వట్టిగా తిరిగివ్వరు.