మాసి అంటే మా చెల్లి

ఈ ఫొటోలో ముగ్గురున్నారు. మధ్యలో మా చెల్లి, దానికి ఎడమపక్కన నా కూతురు, కూతురి ముందు నా మనవరాలు. వెనకాల చలికాలపు ఎండలో విక్టోరియా పాలరాతి మేడ తెల్లగా వెలిగిపోతోంది. అంతా బాగానే ఉంది గానీ, చెల్లి కుడిచెయ్యి పక్కకి చాచి ఉంది. వేళ్లు సగం ముడిచి ఉన్నాయి, దేన్నో పట్టుకున్నట్టు. ఆ వేళ్లలో ఏమీ లేదు. వాటి వెనక గడ్డి, గడ్డికి అవతల ఒక గుర్రబ్బండి.

ఆ వేళ్లు పట్టుకున్నది నా చెయ్యి. చేతితో పాటు నన్నూ తీసేశారు.

నా కూతురు ఈ ఫొటోని చెరిపేస్తానంది. చెరపనివ్వలేదు. నా ఫోన్లోనే ఉంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది, అయినా చూస్తాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె. పదిహేనో ఏట పెళ్లయి, ఇక్కడ బెంగాల్లో టికియాపారాలో రైలు పట్టాల పక్క పేటకి వచ్చాను. మా ఆయనకి రైల్వేలో పని. నేను మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చి రిటైరయ్యాను. బెంగాలీ రోడ్డు మీద నేర్చుకున్నాను, హిందీ కుళాయి దగ్గర. తెలుగు మాట్లాడటమే గాని, రాయడం చదవడం రిటైరయ్యాకే వచ్చాయి. మా పేటలో తెలుగువాళ్ల క్లబ్బు గది ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ ఒకావిడ మాలాంటి వాళ్లకి అక్షరాలు దిద్దించేది. నా చేత్తో నేను రాసిన మొదటి ఉత్తరం చెల్లికే. అంతకుముందు నా ఉత్తరాలన్నీ ఇంకొకళ్లు రాసినవి, వాళ్లకి ఓపికున్నంత వరకే నా కబుర్లు. ఈసారి నాకు కావలసినదే రాశాను. ఒకసారి రా, విక్టోరియా ముందు మనిద్దరం ఫొటో దిగుదాం అని.

మా ఇద్దరికీ కలిపి ఒక్క ఫొటో లేదు. నా పెళ్లికి ఫొటోలు తీయలేదు. దాని పెళ్లికి తీశారు గానీ, అప్పుడు నేను ఇక్కడ పురిటిలో ఉన్నాను. ఆ తర్వాత మేం కలిసినవన్నీ చావులకే. చావింట్లో ఎవరు ఫొటో దిగుతారు? ఫోన్లో తీసుకోవచ్చు కదా అంటారు. చెల్లికి గోడకి తగిలించే ఫొటో కావాలి. దాని ముందు గదిలో వాళ్లాయన ఫొటో పక్కన మేకు కూడా కొట్టించి వచ్చింది.

చెల్లి మోకాళ్ల నొప్పులతోనే రైలెక్కి వచ్చింది. నా గదికి మెట్లున్నాయి, అందుకని ఇద్దరం న్యూ టౌన్‌లో నా కూతురి ఫ్లాట్‌లో దిగాం. అక్కడ లిఫ్టు ఉంది. ఫొటో సంగతి వినగానే నా కూతురు సంబరపడింది. ఇప్పుడు ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ల కోసమే ఫొటోలు తీసేవాళ్లున్నారట. ఫోన్లోనే బుక్ చేసుకోవచ్చట.

"వెకేషన్ షూట్ అంటారమ్మా. ప్రైవేటు. గంటసేపు ఆడు మన మనిషే," అంది.

"ఎకేసనంటే ఏటే?" అని అడిగింది చెల్లి.

"సెలవలు, పిన్నీ."

"నాకు సెలవలే. మీ అమ్మకేటి సెలవలు? ఇంటెడు అంట్లు తోముతన్నాది."

ఆ మాటకి ముగ్గురం నవ్వాం. నేను నిజంగానే సింకు దగ్గర ఉన్నాను. అక్కడి నుంచే నా కూతురు ఫోటోగ్రాఫరుతో బెంగాలీలో మాట్లాడటం విన్నాను. ఎవరెవరు వస్తారని అతను అడిగినట్టున్నాడు. "మా, మాసి, నేను, మా అమ్మాయి," అని చెప్పింది.

బెంగాలీలో మా అంటే అమ్మ. మనం పిన్ని అనేదాన్ని మాసి అంటారు. ఇంతవరకు సరే. కానీ ఈ ఊళ్లో అంట్లు తోమే మనిషీ మాసే, కూరలమ్మే మనిషీ మాసే, ముసలివాళ్లని కనిపెట్టుకుని ఉండే ఆయా కూడా మాసే. చివర ఇంకో 'మా' చేర్చి మాసిమా అంటే అప్పుడు గౌరవం. ఇదంతా నాకు తెలియక కాదు. రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ నన్ను మాసి అని పిలిచారు, పలికాను. కానీ ఆ ఉదయం నా బుర్రలో ఒక్కటే ఉంది. నేను మా. చెల్లి మాసి. నా కూతురే కదా అలా చెప్పింది.

ఆదివారం పొద్దున్నే వెళ్లాం. లోపలి తోటలో పెద్ద కెమెరాలకి పర్మిషన్ కావాలట, అందుకని బయట మైదానం వైపు గడ్డిలో తీస్తానన్నాడు ఫోటోగ్రాఫరు. కుర్రాడే, మర్యాదగానే ఉన్నాడు. చెల్లి నా కూతురి పట్టుచీర కట్టుకుంది, చేతిలో నా కూతురి బ్యాగు, కొత్త కళ్లజోడు. నేను నా నేత చీరలోనే వచ్చాను. భుజాన మంచినీళ్ల సీసాలు, మనవరాలి స్వెట్టరు, చెల్లి మందులు ఉన్న సంచీ. చెల్లికి గడ్డిలో నడక కష్టం, చెయ్యి పట్టుకుని నడిపించాను.

అతను చెల్లిని చూసి నమస్కారం పెట్టి, "ఆంటీ" అన్నాడు. నన్ను చూసి, "మాసి, సంచీ అక్కడ పెట్టు," అన్నాడు. నాతో అనలేదనుకున్నాను. చెల్లి వైపు తిరిగి దాని బ్యాగు అందుకున్నాను.

అందరినీ నిలబెట్టాడు. కెమెరా ఎత్తాడు, దించాడు. "మాసి, ఎక్టు షొరే దాడావ్," అన్నాడు. కొంచెం పక్కకి నిలబడు అని.

"నిన్నేనే. పక్కకి నిలబడమంటన్నాడు," అన్నాను చెల్లితో.

"నానేటి సేసినానే?"

"నువ్వు మాసివి కదే. నీకొక్కదానికే తీస్తాడేమో."

చెల్లి కుంటుకుంటూ పక్కకి వెళ్లింది. అతను కంగారుపడి, "ఆంటీ కాదు, ఆంటీ కాదు! మాసి!" అన్నాడు. చెల్లి మళ్లీ వచ్చి నిలబడింది. మళ్లీ, "మాసి, పక్కకి," అన్నాడు. మళ్లీ పంపించాను.

"ఒలప్పా, ఈడు ఫొటో తీస్తన్నాడా, నా సేత గుంజీలు తీయిస్తన్నాడా?" అంది చెల్లి. మా వైపు అక్కని అప్ప అంటాం. నవ్వొచ్చి దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, మోకాలు పట్టుతప్పి పడిపోతుందేమోనని. గుర్రబ్బండివాడు కూడా మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు. ఫోటోగ్రాఫరు నెత్తి కొట్టుకుని నా కూతురితో, "సరే దిదీ, ఉండనివ్వండి. తర్వాత సరిచేస్తాను," అన్నాడు.

ఏం సరిచేస్తాడని నేను అడగలేదు. నా కూతురూ అడగలేదు. ఆ గంటంతా నేను చెల్లి చెయ్యి పట్టుకునే ఉన్నాను, అన్ని ఫొటోల్లోనూ. పళ్లు కనిపించేలా నవ్వాను కూడా.

బుధవారం మధ్యాహ్నం ఫొటోలు ఫోన్‌కి వచ్చాయి. చెల్లి మర్నాడు సాయంత్రం రైలుకి వెళ్లాలి. ముగ్గురం మంచం మీద కూర్చుని చూశాం. మొదటిది చూశాం, రెండోది చూశాం. చెల్లి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"అప్పా, నువ్వేటి లేవు?"

ఒక్కదాంట్లోనూ లేను. చాలా శుభ్రంగా తీశాడు. నేనున్న చోట గడ్డి పెరిగింది. చెల్లి చెయ్యి ఒక్కటే అలా గాలిలో ఉంది, తప్పిపోయినవాళ్లని వెతుక్కుంటున్నట్టు. అప్పుడు అన్నీ ఒకదాని వెనకొకటి అర్థమయ్యాయి. సంచీ ఎవరిని పెట్టమన్నాడో, పక్కకి ఎవరిని వెళ్లమన్నాడో. చెల్లితో 'మీరు' అని మాట్లాడినవాడు ఆ పక్కకి పొమ్మన్నప్పుడు 'నువ్వు' అన్నాడు. దాడాన్ అనలేదు, దాడావ్ అన్నాడు. నేను చెల్లిని పట్టుకుని వచ్చిన ఆయాని.

"ఆడికేటి తెలుసమ్మా, పొరపాటయింది," అంది నా కూతురు. "నాను మాట్లాడతాను. ఇంకో ఫొటోలోంచి నిన్ను తీసి ఇందులో అతికించేస్తాడు, తెలీదు కూడా."

"అతికిస్తాడా? నానేటి స్టాంపునా?"

"నన్ను కూడా తీసెయ్యమనే," అంది చెల్లి. "ఇద్దరం నేకపోతే సమానంగుంటాది."

నాకు నవ్వు రాలేదు. "ఆడు నన్ను పక్కకి పొమ్మన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదే. ఇన్నావా నేదా?" అని అడిగాను.

నా కూతురు ఫోను వైపే చూస్తూ, "విన్నాను. మైదానంలో గోలెందుకని ఊరుకున్నాను," అంది.

ఈ బిల్డింగు గేటు దగ్గర మొదటిసారి వచ్చినప్పుడు, ఏ ఫ్లాట్‌లో పని అని నన్ను అడిగాడు కాపలావాడు. ఆ సంగతి చెబితే అప్పుడూ ఇదే మాట అంది. అందరినీ అలాగే అంటారమ్మా, వదిలెయ్ అని. వదిలేశాను. పనిమనుషులు వచ్చే లిఫ్టులోనే వస్తున్నాను కూడా, ఎందుకొచ్చిన గొడవ అని. ఆ లిఫ్టు మీద ఏం రాసి ఉందో ఇంగ్లీషులో, నేను చదవలేను. చదవలేకపోయినా తెలుస్తుంది.

"ఫోన్ చెయ్యి. మళ్లీ వచ్చి తీయమను," అన్నాను.

చేసింది. ఎంత మెత్తగా మాట్లాడిందో! "దాదా, చిన్న ఇబ్బంది వచ్చింది. ఫొటోలో పక్కనున్న ఆవిడ ఉన్నారు కదా, ఆవిడ... బాడిర్ లోక్," అంది.

బాడిర్ లోక్. ఇంటి మనిషి. ఇంటి మనిషి అని పిల్లిని కూడా అనొచ్చు.

ఫోను లాక్కున్నాను. "బాబూ, నేను ఈ అమ్మాయికి మా. నన్ను కన్నతల్లి అంటారు. నువ్వు చెరిపింది నన్ను," అన్నాను బెంగాలీలో. నా బెంగాలీ రోడ్డు బెంగాలీ, గట్టిగా ఉంటుంది. "మాసిమా, చాలా తప్పయిపోయింది," అన్నాడు. రాసుకుంటే ఒక్క అక్షరం. ఆ అక్షరం ఆదివారం పొద్దున్న అతని నోట్లోనే ఉంది, నాకు ఇవ్వాలనిపించలేదు, అంతే.

"మాసిమా కాదు. మాసి నా పక్కన కూర్చుంది. రేపు పొద్దున్న రా, ఇద్దరికీ తియ్యి," అని పెట్టేశాను.

నా కూతురు ఏడుస్తోంది. "మా అమ్మ అని సెప్తే ఆడు సిగ్గుపడిపోతాడని అలగన్నాను," అంది.

"ఆడి సిగ్గా, నీ సిగ్గా?"

ఆ రోజు అన్నం చెల్లి వండింది.

మర్నాడు పొద్దున్న మళ్లీ అదే గడ్డి. చెల్లిని పట్టుచీర కట్టుకోనివ్వలేదు, అదీ మామూలు చీరే కట్టుకుంది. కుర్రాడు వచ్చి నా కాళ్లకి దండం పెట్టబోయాడు, వద్దన్నాను. సంచీ నేను మొయ్యలేదు. సీసాలు, స్వెట్టర్లు, మందులు, మా ఇద్దరి బ్యాగులు అన్నీ నా కూతురు భుజాన వేసుకుని నిలబడింది. తనకు తానే తీసుకుంది, నేను ఇవ్వలేదు.

చెల్లి కుడిచెయ్యి నేను పట్టుకున్నాను. కెమెరా ఎత్తి, అతను పక్కకి చూశాడు. నా కూతురు ఫొటోలోకి వస్తున్నట్టుంది. "దిదీ, ఎక్టు షొరే దాడాన్," అన్నాడు.

దాడాన్. మీరు కొంచెం పక్కకి నిలబడండి. సంచులతో సహా నా కూతురు పక్కకి జరిగింది. నేను ఆ మాట విన్నానని దానికి తెలుసు, తల దించుకుంది.

"నవ్వండి మా, నవ్వండి," అన్నాడు అతను.

"నవ్వకే అప్పా," అంది చెల్లి చెవిలో. "నవ్వితే ఆడి తప్పు మాఫీ అయిపోద్ది." అనేసి దానికే నవ్వాగలేదు. నేను నవ్వలేదు. అలాగే తీశాడు.

ఆ మధ్యాహ్నమే నా కూతురు దుకాణానికి వెళ్లి పెద్ద సైజులో అచ్చు వేయించి, అద్దం కట్టించి తెచ్చింది. రైల్లో చెల్లి దాన్ని సీటు కింద పెట్టనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుంది.

వారం తర్వాత ఫోన్ చేసింది.

"మేకుకి తగిలించినానే. ఇరుగుపొరుగోళ్లంతా వచ్చి సూస్తన్నారు. మీ అప్పేటి, కొట్లాటకొచ్చినట్టుగుంది అంటన్నారు."

"నువ్వేటన్నావు?"

"అవును, కొట్లాటకే వచ్చింది అన్నాను."