సన్మాన పత్రం కింద అంగుళం

1985. కామాటిపురాలో ఒక గల్లీ మొదట్లో నాకు పటాలు కట్టే దుకాణం ఉండేది. ఎదురుగానే మా తెలుగువాళ్ళ చాల్, ఇంటికొక ఖోలీ, అంటే ఒకే గది, ఉండే పొడుగాటి మేడ. నా దగ్గరికి వచ్చే పటాలు మూడే రకాలు: దేవుళ్ళు, పోయినవాళ్ళు, సన్మానం చేయించుకున్నవాళ్ళు. ఈ ముగ్గురిలో ఒక్కరూ నేరుగా వచ్చి బేరమాడరు కాబట్టి, నోరు లేని నాకు ఆ వృత్తి బాగా కుదిరింది.

పటం చుట్టూ వేసే చెక్క పట్టీని బీడింగ్ అంటాం, వెనక కొట్టే అట్టను బ్యాకింగ్ అంటాం. అద్దాలూ బీడింగులూ రెండు మూడు సైజుల్లో ముందే కోసి పెట్టుకునేవాణ్ణి. వచ్చిన కాగితం పెద్దదైతే దాని అంచు కోసి అద్దానికి సరిపెట్టేవాణ్ణి. మా గల్లీలో పటాలవాళ్ళందరి పద్ధతీ అదే. అద్దం కోయడం కష్టం, కాగితం కోయడం తేలిక. కోతలు కోసి బతికేవాణ్ణని నన్ను నేనే పరిచయం చేసుకునేవాణ్ణి.

ఆ వానాకాలంలో ఒక ఉదయం మల్లయ్య మామ ఒక పెద్ద కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని తెచ్చాడు. ఆయన మా చాల్ పెద్ద. మేస్త్రీ పని మానేశాక సంఘం పనులు చూసేవాడు.

"బాలయ్యా, లింగానికి సన్మానం. రేపు సాయంత్రం దాదర్ల. బంగారు బీడింగ్ ఏసి మంచిగ గట్టు."

"ఏ లింగం మామా, గుళ్ళెదా?"

"యూనివర్సిటీలది! నీ మస్కిరీలు బంద్ జేసి పని జూడు. నాకు హాలు పని ఉంది."

రాజలింగం గారు మా చాల్‌లోనే పుట్టారు. ఫిజిక్స్ ప్రొఫెసరై, ఆ తర్వాత దూరాన ఒక విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పగలు కూలికి పోయేవాళ్ళు సాయంత్రం డిగ్రీ చదువుకునేలా అక్కడ క్లాసులు పెట్టించారు. వాళ్ళ కోసం ఆదివారం కూడా ప్రయోగశాల తలుపులు తెరిపించారు. ఇవన్నీ పత్రంలో ఉన్నాయి. లేనిది ఒకటే. తల్లి పరంజా మీది నుంచి పడి చనిపోయేనాటికి ఆయనకు ఐదేళ్ళు. పక్క ఖోలీలో ఉండే ఎల్లవ్వ ఆయన్ని పెంచింది. చుట్టమేమీ కాదు. సున్నం, ఇటుకలు మోసి చదివించింది. ఆ ఎల్లవ్వ అప్పటికి నెల రోజులుగా ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉంది. ఆయనకు ఆ కబురు వెళ్ళనివ్వలేదు.

పత్రం నా అద్దం కంటే అంగుళం పొడుగుంది. కింది అంచున ఊదా రంగు సిరా మరక ఒకటి కనబడింది. అచ్చాఫీసువాడి చెయ్యి తగిలిందనుకున్నాను. స్కేలు పెట్టి బ్లేడుతో ఒక్క గీత గీశాను. పొడుగూ తగ్గింది, మరకా పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయి, కోసిన ముక్కను ఎప్పటిలాగే జిగురు కాచే కుంపట్లో పడేశాను.

మధ్యాహ్నం మల్లయ్య మామ వచ్చి పటాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు.

"మస్తు గట్టినవ్ రా. అరే! ఎల్లవ్వ అంగూఠా ఏది?"

"ఏం ఏలిముద్ర మామా?"

"కింద ఉండె గద! నిన్న దవాఖానకు బోయి ఇదంత సదివి వినిపిస్తి. 'గింత పెద్ద కాగితంల నేను యాడున్న?' అన్నది. యాడ లేవవ్వా అన్న. 'నేనెట్లనో రాలేను, నా ఏలన్న తీస్కపో. పోరడు జూస్తడు' అని ఒత్తింది."

నేను కుంపటి వైపు చూశాను. ఆయనకు అర్థమైంది.

"గీతలు లేవు మామా. ఉత్త మరక లెక్కుండె."

"సున్నం మోసిన చేతికి గీతలు యాడుంటయ్ రా? మీ అమ్మ ఏలు ఎన్నడు జూడలేదా నువ్వు?"

చూశాను. జీవితమంతా చూశాను. మా అమ్మా సున్నమే మోసింది.

ఆయన పటం కింద పెట్టి, "నీ ఏలు ఒత్తు. ఎవ్వనికి తెలుస్తది?" అన్నాడు. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపి, "వద్దు. నడువ్" అన్నాడు.

కొత్త ముద్ర వేయించడానికి ఒక తెల్ల కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. ఎల్లవ్వకు స్పృహ లేదు. మల్లయ్య మామ "అవ్వా, అవ్వా" అని నాలుగైదు సార్లు పిలిచి, చివరికి ఆమె ఎడమచేతి బొటనవేలు పట్టుకున్నాడు. నేను స్టాంప్ ప్యాడ్ మూత తీశాను. అప్పుడే నర్సు వచ్చింది.

"ఖోలీ రాయించుకునే కాగితాలా?" అని మరాఠీలో అరిచింది. "తెలివిలో లేని మనిషి వేలు పట్టుకోవడానికి సిగ్గు లేదూ? నిన్న ఆ మంచం దగ్గరికి ఇట్లాగే ఒకడొచ్చాడు!"

మంచాల మీదివాళ్ళందరూ మావైపు తిరిగారు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నా చేతిలో ప్యాడ్ ఉంది, మల్లయ్య మామ చేతిలో ఆమె వేలు ఉంది. ఇద్దరం బయటికి నడిచాం.

మర్నాడు మధ్యాహ్నం ఎల్లవ్వ పోయింది.

రాజలింగం గారు స్టేషన్ నుంచి నేరుగా దాదర్ హాలుకు వచ్చారు. దండలూ శాలువాలూ సిద్ధంగా ఉన్నాయి. "సన్మానమైనంక చెప్దం" అని మల్లయ్య మామ నా చెవిలో అన్నాడు. రాజలింగం గారు మాత్రం చెప్పులు విడుస్తూనే, "అవ్వను తెచ్చిండ్రా?" అని అడిగారు. నేనే చెప్పాను. పోయిందనీ చెప్పాను, ఆమె వేలిముద్ర కోసి కుంపట్లో వేశాననీ చెప్పాను. రెండూ ఒక్క ఊపిరిలో వచ్చేశాయి. ఆయన వేదిక ఎక్కి, "మా అవ్వ పోయింది, నేను పోవాలె" అని చేతులు జోడించి దిగిపోయారు. పత్రం బల్ల మీదే ఉండిపోయింది.

పదకొండో రోజు కర్మ ముగించుకుని, ఆ పటం చంకన పెట్టుకుని నా దుకాణానికి వచ్చారు. తల గొరిగించుకుని ఉన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"ఎంత గోసినవ్ బాలయ్యా?"

"అంగుళం సార్."

"గీతలున్నయా?"

"లేవు సార్. అందుకే..."

"ఉండయి. నన్ను బళ్ళె ఏసేటప్పుడు ఫారం మీద అవ్వతోని మూడుసార్లు ఒత్తిపిచ్చిండు హెడ్‌మాస్టరు. 'సరిగ ఒత్తు, సరిగ ఒత్తు' అనుకుంట. ఆమె చెంగుతోని తుడుసుకుంట మళ్ళ మళ్ళ ఒత్తింది." పటాన్ని నా చేతికిచ్చారు. "పెద్ద అద్దమేసి మళ్ళ గట్టు. కింద అంగుళం వదులు."

"అక్కడ పేరు రాయించమంటారా?"

"ఏమొద్దు. ఖాళీగ ఉంచు."

అద్దం కొత్తగా కోశాను. పత్రం కింద అంగుళం తెల్ల కాగితం పెట్టి కట్టాను.

ఆ తర్వాత ఏ కాగితం వచ్చినా అద్దాన్నే దానికి తగ్గట్టు కోశాను. మరక కనబడితే ఎవరిదని అడిగాను. చాయ్ మరక గురించి కూడా అడుగుతున్నానని గిరాకీలు నవ్వేవాళ్ళు. ఆ విశ్వవిద్యాలయానికి పనిమీద వెళ్ళొచ్చిన మా చాల్ మనిషొకడు ఒకసారి, "వీసీ సాబు గదిల పటం జూసిన. పైన తక్కువ జాగ, కింద ఎక్కువ జాగ. గట్టినోనికి పని రాదు" అన్నాడు.

రాదనే చెప్పాను.