సగం పన్నెండైన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు ఎవరేం అడిగినా "చూసి చెప్తాను" అంటాను గానీ, ఇరవై రెండేళ్ళ వయసులో చూడకముందే చెప్పేసేవాణ్ణి. చేతిలో కంప్యూటర్ డిగ్రీ, వాకాడు దగ్గర రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ఓ చిన్న ల్యాబులో మొదటి ఉద్యోగం. ల్యాబు నడిపే పెద్దాయనను అందరం సార్ అనేవాళ్ళం. రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తే ఆయన పరీక్ష చేసి, సున్నం ఎంత వెయ్యాలో, మేత ఎంత తగ్గించాలో లెక్కగట్టే సూత్రం చీటీ మీద రాసిచ్చేవారు. ఆ చీటీలు తడిసేవి, చిరిగేవి (ఒకాయన చీటీని మేక నమిలేసింది, ఆయన రెండో చీటీ కోసం మేకను కూడా వెంటబెట్టుకొచ్చాడు). ఆ సూత్రాలన్నిటినీ ఒక వెబ్ పేజీలో పెట్టి అందరి ఫోన్లకూ పంపుదామన్న గొప్ప ఆలోచన నాది.

వారం రోజులు తిండి కూడా సరిగ్గా తినకుండా కూర్చున్నాను. భిన్నమంటే పాఠ్యపుస్తకంలో అచ్చేసినట్టే రావాలని నా పట్టుదల. పైన ఒక అంకె, మధ్యలో సన్నటి గీత, కింద ఇంకో అంకె. ల్యాబు కంప్యూటర్లో ఆ గీత మొదటిసారి కనబడినప్పుడు కుర్చీలోంచి లేచి గదంతా రెండుసార్లు చుట్టి వచ్చాను. సార్ కళ్ళజోడు సర్దుకుని చూసి, "బాగుండాదిరా. అందరి ఫోన్లలోనూ ఇట్నే వస్తుందా?" అన్నారు. "ఎందుకు రాదు సార్" అన్నాను. (నా ఫోనులో కూడా అప్పటికి తెరిచి చూడలేదు.)

పేజీ పంపిన మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. రెండెకరాల గుంటను ఒంటిచేత్తో నడుపుకునే ఒకామె ఉండేది, ఊరందరికీ గుంటక్క. "అబ్బయ్యా, నీ పేజీలో సున్నం లెక్క చూసినా. అది సరిగ్గానే ఉండాదా?" అంది.

"కళ్ళు మూసుకుని వేసెయ్యక్కా. కంప్యూటర్ లెక్క అది."

"నాకేందో ఎక్కువనిపిస్తుండాది."

"పాత అలవాటు కదక్కా, అట్లాగే అనిపిస్తుంది. సైన్సు చెప్పినట్టు పోవాల."

"సరే నాయనా. అయితే ట్రాక్టరు మాట్లాడుకుంటా" అని పెట్టేసింది.

ట్రాక్టరెందుకో నాకు అర్థం కాలేదు. ఎకరానికి అర బస్తా, రెండెకరాలకు ఒక బస్తా, స్కూటరు ముందు పెట్టుకుపోయే సరుకు. ఎందుకో అనుమానమొచ్చి నా ఫోనులో పేజీ తెరిచాను. పైనుండాల్సిన ఒకటీ, కిందుండాల్సిన రెండూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. మధ్యలో గీత లేదు. ఎకరానికి పన్నెండు బస్తాలు.

ఇరవై నాలుగు బస్తాల సున్నం పడితే ఆ గుంటలో ఒక్క రొయ్య మిగలదు. అప్పటికి మూడు నెలల నుంచి పెంచుతోంది. ఫోను చేస్తే ఎత్తదు. సార్ బండి తాళం తీసుకుని, ఏం జరిగిందో ఆయనకు చెప్పకుండానే పరిగెత్తాను. వెళ్ళేసరికి గట్టు మీద నిజంగానే ట్రాక్టరు, దాని నిండా బస్తాలు. "వెయ్యొద్దక్కా" అని కేకేస్తూ గట్టు దిగబోయి, జారి మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయాను.

గుంటక్క తాపీగా వచ్చి చెయ్యి అందించింది. "నేను పొద్దున్నే ఒక బస్తా వేసేసినా. పదేళ్ళ నుంచి ఈ నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తుండానే, నాకు తెలవదా?"

"మరి ఈ ట్రాక్టరు?"

"అది పక్క గుంటాయన మేత. నువ్వు వస్తావో రావో చూద్దామని ఫోనెత్తలా."

సిగ్గుపడే తీరిక కూడా నాకు లేకపోయింది. గీత ఎందుకు పోయిందన్న ప్రశ్న అప్పటికే తలలో తిరుగుతోంది. గట్టు మీదున్న అందరి ఫోన్లూ అడిగి తీసుకుని, మేత బస్తా మీద వరసగా పేర్చి ఒక్కొక్కదాంట్లో పేజీ తెరిచాను. గుంటక్క ఫోనులో పన్నెండు. పక్క గుంటాయన ఫోనులో పన్నెండు, వర్గమూలం గుర్తుండాల్సిన చోట ఒక ఖాళీ డబ్బా. ట్రాక్టరు డ్రైవరు ఫోనులో మాత్రం, అచ్చు ల్యాబులో లాగే, గీత. అతని దాంట్లో పేజీలు తెరిచే బ్రౌజరు వేరు. అదే బ్రౌజరును గుంటక్క ఫోనులో ఎక్కించాను. అది ఎక్కే రెండు నిమిషాలూ ఆరుగురం ఆ ఫోను మీదికి వంగి చూశాం. గీత వచ్చింది. "ఫోనుది కాదక్కా తప్పు, బ్రౌజరుది. నేను సూత్రం రాసిన పద్ధతి దీనికి తెలుసు, దానికి తెలవదు" అని బురద కాళ్ళతోనే గంతేశాను. డ్రైవరు తన ఫోను గొప్పదైనట్టు అందరికీ తిప్పి తిప్పి చూపించాడు.

గుంటక్క ఒక్కతే గంతెయ్యలేదు. "అందరం ఇంకోటి ఎక్కించుకునే బదులు, సగం బస్తా అని తెలుగులో రాస్తే పోలా?" అంది.

వారం రోజుల నా కృషిలో ఆ ముక్క ఒక్కసారి కూడా తట్టలేదు. పేజీ అందిన వాళ్ళందరికీ ఫోన్లు చేసి ఆగమని చెప్పి, సాయంత్రానికి అలాగే మార్చాను. సార్‌కు జరిగిందంతా చెబితే ఆయన తిట్టలేదు. మర్నాడు ఎక్కడెక్కడివో నాలుగు పాత ఫోన్లు తెచ్చి నా బల్ల మీద పెట్టారు, అంతే. ఏ బ్రౌజరులోనైనా సూత్రాన్ని సరిగ్గా గీసిపెట్టే పద్ధతి ఒకటుందని నెల తర్వాత తెలుసుకున్నాను. ఆ పనే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది.

కొన్నేళ్ళకు, అప్పుడు గీత చూపించని బ్రౌజరు కూడా ఆ సూత్రాల రాత నేర్చుకుంది. ఆ సంగతి చదివిన మధ్యాహ్నం నెల్లూరులో మా ఆఫీసులో కూర్చుని, దాచుకున్న పాత పేజీని ఫోనులో తెరిచాను. ఒకటి, దాని కింద సన్నటి గీత, కింద రెండు. నా చుట్టూ ఎవరికీ అది వార్త కాదు. ఉండబట్టలేక గుంటక్కకు ఫోను చేసి, "అక్కా, గీత వచ్చేసింది" అన్నాను.

"ఏ గీత నాయనా? ఎవురి కూతురు?" అంది.

"ఎవరూ కాదులే అక్కా. రొయ్యలెట్లుండాయి?" అని అడిగాను. ఆమె అరగంట చెప్పింది. నేను విన్నాను, మధ్యలో ఒక్క సలహా కూడా ఇవ్వకుండా.