వచ్చే ఏటి మడత

వీధిలో అందరికీ ఆవిడ టేపమ్మ. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. కూరలకి వెళ్ళినా అదే, పేరంటానికి వెళ్ళినా అదే. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి నిలువుటద్దం, బల్ల నిండా సుద్దముక్కలూ దారపు ఉండలూ. ఎంత పేచీకోరు మనిషి వచ్చినా వంక పెట్టడానికి సందు దొరకని కుట్టు ఆవిడది. భుజం దగ్గర వేలెడు ముడత పడిందంటే ఇక ఆ పూట ఆవిడకి అన్నం సయించదు.

అయితే ఆ టేపు బయటివాళ్ళకే. ఇంట్లో పిల్లలకి కోటు కుట్టాలంటే దగ్గరికి లాక్కుని రెండు చేతులా చుట్టేస్తుంది, వీపు మీద జానలు వేస్తుంది, నెత్తిన గడ్డం ఆనించి ఒక క్షణం ఊరుకుంటుంది. కొలత అయిపోయినట్టే. ఆ బట్టలు ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంటాయి. చేతుల చివరా కింది అంచునా గుడ్డ లోపలికి మడిచి మడతలు దాచిపెడుతుంది. పిల్లలు పెరిగేకొద్దీ ఏడాదికొకటి విప్పుకోవచ్చు.

ఆకులు రాలే రోజుల్లో బళ్ళకి సెలవులిస్తారు. కూతురు ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని దిగుతుంది, కొడుకు వస్తాడు, ఇల్లు సంతలా తయారవుతుంది. ఆ సెలవుల్లో ఒక రోజు అందరూ కలిసి ఊరి బయట సరస్సు పక్కనున్న తోటకి వెళ్ళాల్సిందే. జనంలో తప్పిపోకుండా పిల్లలందరికీ ఒకే గుడ్డతో కోట్లు. మొదటి ఏడు టేపమ్మ ముచ్చటపడి పండుటాకు రంగు గుడ్డ తెచ్చింది. పిల్లలు తిన్నగా పోయి ఆకుల కుప్పల్లో దూకారు. ఇక ఏది ఆకో ఏది మనవడో తేల్చుకోలేక మొగుడుగారు కుప్పకుప్పా కర్రతో కదుపుతూ తోటంతా తిరిగాడు. ఆ దెబ్బతో నెమలికంఠం రంగుకి మారింది. ఏకంగా థాను మొత్తం కొనిపడేసింది.

ఈ ఏడు ఇంట్లో ఇంకో పిల్ల చేరింది. వేసవిలో కొడుకు పెళ్ళి చేసుకున్నాడు. కోడలికి అది రెండో పెళ్ళి. మొదటి పెళ్ళిలో పుట్టిన ఐదేళ్ళ పాప తల్లి చెయ్యి పట్టుకుని ఈ గుమ్మంలోకి వచ్చింది. వయసుకి మించిన మర్యాద ఆ పిల్లది. పెట్టింది తింటుంది, చెప్పిన చోట కూర్చుంటుంది, ఏదీ అడగదు. గుమ్మం మీది బోర్డు కూడబలుక్కుని చదువుకుని, ఆ రోజు నుంచీ "టైలర్ గారూ" అని పిలవడం మొదలెట్టింది.

"నానమ్మ అనాలమ్మా," అంది కోడలు, సిగ్గుపడిపోతూ.

"పోనిద్దూ, దాన్ని బలవంతం చెయ్యకు," అంది టేపమ్మ. పైకి అలా అందే గానీ, ఆ పిల్ల నోట నానమ్మ అనిపించుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. ఈ సెలవులు దాటితే మళ్ళీ ఏడాదికి గానీ అందరూ కలవరు. అప్పటికి ఆ పిలుపు అలాగే గట్టిపడిపోతుందేమోనని బెంగ.

"కనీసం గారూ అంటోంది," అన్నాడు మొగుడు. "నీ సొంత మనవలు నిన్ను ఏనాడైనా గారూ అన్నారా?"

"మీరు అన్నారా?" అంది టేపమ్మ. ఆయన పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

పాపకి కోటు కొలత తీసేటప్పుడు ముట్టుకుంటే బెదిరిపోతుందేమోనని టేపమ్మ వెయ్యి జాగ్రత్తలు తీసుకుంది. అద్దం ముందు నిలబెట్టి, వేలు కూడా తగలకుండా టేపుతో భుజం, చేయి, ఛాతీ, పొడుగు కొలిచింది. పాప బొమ్మలా నిలబడింది. ఆ కోటుని టేపమ్మ ప్రాణం పెట్టి కుట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. చేతులు మణికట్టు దగ్గర ఠక్కున ఆగాయి. వీధిలో ఎవరికీ అంత బాగా కుదరలేదని కోడలితో రెండుసార్లు చెప్పుకుంది. మిగిలిన గుడ్డతో తనకీ పొడుగాటి కోటు ఒకటి కుట్టుకుంది.

తోటకి బయల్దేరే రోజు పొద్దున్నే దుకాణంలో ఏటా జరిగే తంతు ఒకటుంది. పిల్లలు పాత కోట్లు తొడుక్కుని బల్ల ఎక్కి నిలబడతారు. టేపమ్మ చిన్న కత్తెరతో ఒక మడత కుట్టు విప్పుతుంది.

"నాది ఎంత వచ్చింది అమ్మమ్మా?" అని పెద్దపిల్ల.

"నాది దానికన్నా ఎక్కువ వచ్చింది," అని బుడ్డోడు. వాడికి ఏటా ఇదే గోల.

పాప గోడకి ఆనుకుని అంతా చూసింది. తన కోటు చెయ్యి మెల్లగా తిరగేసి చూసుకుంది. మళ్ళీ సరిచేసి, తొడుక్కుని, బొత్తాలు పెట్టేసుకుంది. వాన్‌లో దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

తోటలో ఆకులు మోకాలి ఎత్తున పడున్నాయి. పెద్దపిల్లా బుడ్డోడూ దూకుతున్నారు, వాళ్ళ మీద తాతయ్య బుట్టలతో ఆకులు పోస్తున్నాడు. కొడుకూ కోడలూ కూతురూ దుప్పటి పరిచి డబ్బాలు విప్పుతున్నారు. పాప మాత్రం కోటు విప్పి, నీటుగా మడతపెట్టి, బెంచీ మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టేపమ్మ వెళ్ళి పక్కన చేరింది.

"చలేస్తుంది కదమ్మా, వేసుకోవా?"

"మాసిపోతుందండీ."

"మాస్తే ఉతుకుతాం."

పాప కోటు అంచు వేలితో నిమిరింది. "వచ్చే ఏడాది దీన్ని ఎవరికి ఇస్తారండీ, టైలర్ గారూ?"

"ఎవరికో ఎందుకిస్తాం, అది నీదే కదా?"

"వాళ్ళ కోట్లలో మడతలున్నాయి. ఇందులో లేవు. నేను చూశాను." గొంతులో ఫిర్యాదు లేదు. కరెక్టుగా చూసిందో లేదో అడిగి తెలుసుకుంటున్నట్టుంది. "వచ్చే ఏడాది ఇది నాకు పట్టదు. అప్పుడు నేను రానుగా?"

టేపమ్మ ఆ కోటు చెయ్యి తిరగేసి చూసింది. మనవరాలని నెత్తిన పెట్టుకోవాలనుకున్న పిల్లకి, ఖాతాదారుకి కుట్టినట్టు కుట్టిపెట్టింది. ఈ ఒక్క ఏటికే. అంత అనుభవం ఉండీ తనకి తట్టనిది, బోర్డు కూడబలుక్కుని చదివే పిల్లకి తట్టింది.

సంచీ తెరిచింది. కత్తెర, సూది, దారం అందులో ఎప్పుడూ ఉంటాయి. తన కోటు విప్పి బెంచీ మీద పరిచి, కింది నుంచి జానెడు గుడ్డ కరకరా కత్తిరించేసింది.

తాతయ్య బుట్ట వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "నీకేమైనా పిచ్చా? నిన్ననేగా కుట్టుకున్నావు!"

"నేనింక పెరిగేది లేదు," అంది టేపమ్మ. "అది పెరుగుతుంది."

తరవాత మెడలోంచి టేపు తీసి సంచీలో పడేసింది. రెండు చేతులూ చాచింది. "రా, కొలత తీసుకోవాలి."

"టేపు లేకుండానా?"

"మనవాళ్ళకి టేపు పెట్టను."

పాప ఆ చేతుల వంక చూసింది. ఆకుల్లో దొర్లుతున్న బుడ్డోడి వంక చూసింది. బెంచీ దిగి, దగ్గరికి వచ్చి, ఇంకా దగ్గరికి రావాలా అన్నట్టు ఆగింది. టేపమ్మ చుట్టేసింది. వీపు మీద జానలు వేసింది, నెత్తిన గడ్డం ఆనించింది. ఆ కొలత మామూలు కన్నా చాలాసేపు పట్టింది. ఆవిడ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది మరి.

"ఎన్ని మడతలు పెట్టమంటావు?"

"బుడ్డోడికి ఎన్నున్నాయి?"

"రెండు."

"నాకు మూడు."

కత్తిరించిన గుడ్డని పాప కోటు చేతులకీ కింది అంచుకీ అతికి, మడతలు పెట్టి, అక్కడే కూర్చుని చేత్తోనే కుట్టింది. కుట్లు వంకరటింకరగా వచ్చాయి. దుకాణంలో అయితే అలాంటిది గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆ తొందరలో మడతలు కూడా సరిగ్గా నిలవక, చేతులు పాప వేళ్ళని దాటి కిందికి జారాయి. పాప ఆ జారిన చేతులు ఊపుకుంటూ పోయి ఆకుల కుప్పలో దూకింది. మాసిపోతుందన్న సంగతి మళ్ళీ ఎవరికీ గుర్తు రాలేదు.

పొద్దువాలే ముందు పడవ ఎక్కుదామని అందరూ రేవు దగ్గరికి వెళ్ళారు. టేపమ్మ పొట్టి కోటులో చలికి ముడుచుకుని వెనకాల నడుస్తోంది. పడవవాడు పాప చెయ్యి అందుకోబోయి నవ్వాడు.

"చెయ్యి ఎక్కడుందో కనపడట్లేదే. ఈ కోటు ఎవరిది పాపా, మీ అక్కదా?"

"నాదే," అంది పాప. "మా నానమ్మ వచ్చే ఏడాదికి కూడా కలిపి కుట్టింది."

టేపమ్మ సంచీలోకి తల దూర్చి, సూది పడిపోయిందేమోనని చాలాసేపు వెతుక్కుంది.