మా బావ పాస్ చేయని గది

మా బావకి ఏది చూపించినా అందులో లోపం కనిపిస్తుంది. తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. మా అక్కని చూడటానికి మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు కుర్చీని నాలుగుసార్లు ఊపి చూసి, "వెనక కాలు వదులైంది, మీరు కూడా కూర్చోకండి" అని మా నాన్నని నిలబెట్టే మాట్లాడాడు. అక్క ఎందుకో అక్కడే ఆయనకి పడిపోయింది.

పిల్లని దత్తత తీసుకుందామని ఇద్దరూ దరఖాస్తు పెట్టగానే బావ చూపు సొంతింటి మీద పడింది. ఒక ఆదివారం పొద్దున్నే నన్ను పిలిపించి హాల్లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు.

"పాకు," అన్నాడు.

"నాకు ముప్పై ఆరేళ్ళు బావా."

"ఇప్పుడు ఎనిమిది నెలలు. కనిపించిందల్లా నోట్లో పెట్టుకో."

నేను పాకుతుంటే ఆయన నోటుబుక్కుతో వెనకాలే పాకుతూ రాసుకున్నాడు. బల్ల మూల నా నుదుటికి కొట్టుకుంటే, నా సంగతి వదిలేసి మూల ఎత్తు కొలిచాడు. గంట తర్వాత నేను నడుం పట్టేసి లేవలేకపోతే, ఇల్లు ప్రమాదకరమని అక్కకి నన్నే రుజువుగా చూపించాడు.

దత్తత ఆఫీసు నుంచి ఒకావిడ ఇల్లు చూడటానికి వచ్చింది. ఆవిడకి నచ్చకపోతే వ్యవహారం అంతటితో సరి. అక్క మూడు రోజులుగా తుడిచిందే తుడుస్తోంది. బావ మాత్రం మంచినీళ్ళకంటే ముందు ఆవిడ చేతిలో రెండు కాగితాలు పెట్టాడు.

"ఏంటండీ ఇవి?"

"మా ఇంట్లో లోపాలు. ముప్పై ఒకటి. మీకు వెతుక్కునే శ్రమ ఎందుకని."

అక్క తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ రెండుసార్లు చదివి, ఇంటివాళ్ళే ఫెయిల్ చేసిన ఇంటిని ఇదే మొదటిసారి చూడటమని నవ్వుకుంటూ సంతకం పెట్టింది.

ఇక మిగిలింది ఎదురుచూపు. రెండేళ్ళు. మూడు నెలలకోసారి, ఇంకొంతకాలం ఆగాలని ఉత్తరం వచ్చేది. వచ్చిన సాయంత్రమే బావకి పాప గదిలో కొత్త లోపం దొరికేది. కిటికీ గడియ వదులు. గోడ రంగు కళ్ళకి గుచ్చుకుంటుంది. తొట్టి మంచం కిర్రుమంటోంది, విప్పాలి. అక్క సణుగుతూనే పనిలోకి దిగి, "ఇంకా నయం, పాప ఇప్పుడే రాలేదు" అనేది. రంగు మీద రంగు పడి గోడలు లావెక్కాయనీ, గది చిన్నదైపోయిందనీ నా అనుమానం. అక్క దిగులు చాలదన్నట్టు ఈయన చాదస్తం ఒకటా అని నాకు ఒళ్ళు మండేది.

ఒక మంగళవారం నేను అక్కడుండగానే ఫోన్ వచ్చింది. ఏడు నెలల పాప ఉంది, రేపు పదింటికి రమ్మన్నారు. అప్పటికి మంచం పధ్నాలుగు ముక్కలుగా నేలమీద పడి ఉంది.

"ఏమండీ, కిటికీ గడియ బిగించనేలేదు," అంది అక్క కంగారుగా.

"దానికేం, భేషుగ్గా ఉంది."

"మంచం కిర్రుమంటోందన్నారు?"

"అది ఎన్నడూ కిర్రుమనలేదు."

"మరి నాలుగుసార్లు ఎందుకు విప్పించారు?"

బావ స్క్రూలు ఏరుకుంటూ తలెత్తకుండా చెప్పాడు. "మొదటి ఉత్తరం వచ్చినరోజు ఖాళీ మంచం పక్కనే కూర్చుండిపోయావు. విప్పేస్తే కూర్చోవు కదా అని."

అక్క ఆయన్ని వదిలేసి నన్ను తిట్టింది. "గుడ్లప్పగించి చూస్తావేంరా, ఆ స్క్రూడ్రైవర్ అందుకో." రెండేళ్ళు ఆయన్ని మనసులో తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

మర్నాడు పాపని బావ చేతుల్లో పెట్టారు. అది ఆయన్ని ఎగాదిగా చూసి, కళ్ళజోడు లాగి, నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి నేలకేసి కొట్టింది.

"చూశావా," అన్నాడు బావ అక్కతో, పగిలిన అద్దాల వంకైనా చూడకుండా. "ముక్కు దగ్గర వదులుగా ఉంది. ఇన్నాళ్ళూ నాకే కనిపించలేదు."