సర్కారు తుమ్మల్లో గోరింకలు

మా పిట్టల క్లబ్బులో పట్టుమని పదిమందిమి లేకపోయినా, నియమాలు మాత్రం మగపెళ్లివారి కోరికలన్ని ఉండేవి. వాటిలో గట్టిది, పిట్టలు ఎక్కడ వాలతాయో బయట చెప్పకూడదన్నది. వలలు వేసి పట్టుకుపోయేవాళ్ల భయం అప్పట్లో నిజంగానే ఉండేది. గుంటూరులో కళ్లజోళ్ల షాపు నడిపే మా కార్యదర్శిగారు "ఇంటి గుట్టు లంకకు చేటండీ" అంటూ ప్రతి చోటికీ ఒక మారుపేరు పెట్టారు. అసలు చోటేదో జీపెక్కి వచ్చినవాళ్లకే తెలిసేది.

చిలకలూరిపేట దారిలో ఉన్న సర్కారు తుమ్మల బీడుకి ఆయన పెట్టిన పేరు 'అత్తారిల్లు'. దేశం కాని దేశం నుంచి వచ్చే గులాబీ గోరింకలు ఎండలు ముదిరేదాకా రాత్రిళ్లు అక్కడే పడుకునేవి. మాఘ ఫాల్గుణాల్లో, పొద్దుగుంకే వేళ ఆ గుంపు దిగడం చూడాలి. దుప్పటి దులిపినట్టు ఆకాశంలో ఒక్క విసురు విసిరి, చెట్లలోకి జారిపోయేవి. ఆ తర్వాత చాలాసేపు పెళ్లింటి గోల. పేరు అందుకే వచ్చింది.

క్లబ్బులో ఒక పెద్దాయన ఉండేవారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి, మా వీధే, నేను బాబాయిగారూ అనేవాణ్ణి. మా దగ్గరున్న ఒకే ఒక్క మంచి బైనాక్యులర్ ఆయన కొనిచ్చిందే. అయినా ఏళ్ల తరబడి ఒక్కసారీ మాతో రాలేకపోయారు. గోరింకల కాలమూ, మిర్చి సీజనూ ఒకటే కావడం ఆయన ఖర్మ. మేం వెళ్లొచ్చిన మర్నాడు ఒళ్లంతా మిరప ఘాటుతో వచ్చి "ఏమయ్యా, అత్తారింటికి చుట్టాలు బాగా దిగారా?" అని అడిగేవారు. చెప్పిందే మళ్లీ చెప్పించుకునేవారు. ఎక్కడ అని మాత్రం అడిగేవారు కాదు. క్లబ్బు మర్యాద ఆయనకూ తెలుసు.

తర్వాత గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. బాబాయిగారు కూడా ఇద్దరితో కలిసి ఒకటి కట్టడం మొదలుపెట్టి, యార్డు పని తమ్ముడికి అప్పగించారు. "ఈ ఏడు వస్తున్నానయ్యా. చూడకుండానే పోతాననుకున్నా" అన్నారు. తెల్లచొక్కాకి పిట్టలు బెదురుతాయంటే, పాపం, మట్టిరంగు చొక్కా ఒకటి కుట్టించుకున్నారు.

జీపు తారురోడ్డు దిగి డొంకలోకి తిరిగింది.

"ఇటెందుకయ్యా? ఇది మా కోల్డ్ స్టోరేజీ సైటుకి పోయే దారి" అన్నారాయన నవ్వుతూ. మేం దారి తప్పామనుకున్నారు.

తప్పలేదు. తుమ్మలే లేవు. వేళ్లతో సహా పెకలించి ఒక పక్క కుప్ప పోశారు. ఆకులింకా పూర్తిగా వాడలేదు. కార్యదర్శిగారు నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకున్నాను. వలలవాళ్లకు తెలియకుండా అన్నేళ్లు దాచిన చోటు, మా మనిషికే తెలియకుండా పోయింది. ఆ నియమం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అంతలో గోరింకలు వచ్చాయి. బాబాయిగారు గబగబా దిగి బైనాక్యులర్ ఎత్తారు. "అబ్బ, ఎన్నున్నాయయ్యా" అన్నారు. గుంపు నేల దాకా వంగింది, లేచింది, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ వంగింది. అలా తిరుగుతూనే ఉంది.

"ఇంకా దిగవేం?" అని అడిగారు.

ఆయన మా మొహాలు చూశారు, తుమ్మ మొద్దుల కుప్ప చూశారు.

"అత్తారిల్లంటే ఇదేనా?"

"అవును బాబాయిగారూ" అన్నాను.

బైనాక్యులర్ నా చేతికిచ్చి, ఆ పచ్చి మట్టిలోనే చతికిలబడ్డారు. తల ఎత్తకుండానే అన్నారు.

"ఒక్క మాట చెప్పుంటే పక్క చేను కొనేవాళ్లం కదయ్యా. అదీ అమ్మకానికే ఉంది."