ఉప్పులో పుట్టినవి

నిన్న మనవడు ఫ్రిజ్‌లోంచి రొయ్యల పొట్లం తీసి విప్పినాడు. ఆ నీచువాసనకు ఈ ముసలి ప్రాణానికి మా అవ్వ గుర్తుకొచ్చింది.

తెల్లవాళ్ళ కాలం. కంభం పక్కనున్న మా పల్లెకు సముద్రం నుంచి వచ్చేది సంతలో అమ్మే ఎండుచేప ఒకటే. దాన్ని నిప్పుల మీద అట్ల చూపించి, సంగటిలోకి నంజుకునేటోళ్ళం. ఒకసారి చీరాలలో పనిచేసే చిన్నాయన రైల్లో తడి గోనెసంచిలో పచ్చిరొయ్యలు తెచ్చినాడు.

"ఈ పూటే బాగా ఉడికించి తినాలమ్మా, రేపటికి ఉండవు."

అవ్వ నవ్వింది. "ఏందిరా, ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగినవి. అవి కుళ్ళేదేంది?"

సగం ఆ పూట వండి, సగం పచ్చివే ఉట్టిలో దాచింది. మర్నాడు రాత్రి సంగటిలోకి, ఎండుచేప మాదిరే నిప్పులకు చూపించుకుని తానొక్కతే తినింది. మాకెవరికీ ఆ వాసన పడలేదు.

తెల్లారేసరికి వాంతులు, భేదులు. బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి పోతాంటే, అవ్వ కడుపులోంచి సముద్రం బయటికి పోతాందనుకున్నా. పొట్టేలును ఒంటిచేత్తో ఈడ్చే మనిషి మధ్యాహ్నానికి పిడికెడంత అయిపోయింది.

"అయ్యా, గుక్కెడు నీళ్ళు పొయ్యరా," అని నాయన చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యొద్దు. తాగితే ఇంకా పోతాయి," అన్నారు చుట్టూ ఉన్నోళ్ళు. నాయన చెంబు దూరంగా జరిపినాడు. అవ్వ చూపు ఆ చెంబు వెంటే పోయింది. పొద్దు కుంకేలోపల అవ్వ లేదు.

నీళ్ళలో ఇంత బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి తాపుతా ఉంటే బతికేదేమోనని నాకు తెలిసేటప్పటికి నాయన కూడా పోయినాడు. ఆ దినం నీళ్ళకడవ, ఉప్పుకుండ రెండూ అవ్వ కాళ్ళకాడే ఉండినాయి.